దీవిలో ఒక అర్జీ

ముప్పై ఏళ్ళ కొలువులో నేను ఎన్ని అర్జీలు పుచ్చుకున్నానో లెక్క లేదు. "పరిశీలించి తగు చర్య నిమిత్తం" అని రాసి కింది ఉద్యోగికి పంపడం చేతికి అలవాటైపోయింది. ఆ అలవాటును తలుచుకుని మొదటిసారి సిగ్గుపడినది 2008లో, మారిషస్ దీవిలో.

ఉద్యోగారంభంలో కొంతకాలం కోరంగి ప్రాంతంలో పనిచేశాను. ఒకనాడు ఓడలతో కళకళలాడిన ఆ రేవు 1839 నాటి ఉప్పెనతో కుప్పకూలింది. ఇప్పుడు మడ అడవులకే దాని ప్రసిద్ధి. కానీ ఆ ఊరి పేరు సముద్రం దాటింది. మారిషస్‌లో తెలుగువారిని 'కొరంగీలు' అని పిలిచేవారు.

బ్రిటిషువారు 1810లో ఫ్రెంచివారి నుంచి ఆ దీవిని గెలుచుకున్నా, చెరకు తోటలు ఫ్రెంచి దొరల చేతుల్లోనే ఉండిపోయాయి. 1835లో బానిసత్వం రద్దయినప్పుడు ఇరవై లక్షల పౌన్లకు పైగా నష్టపరిహారం యజమానులకే ముట్టింది. విముక్తులకు దమ్మిడీ దక్కలేదు. వారి స్థానంలోకి ఒప్పందపు కూలీలుగా మనవారు వెళ్ళారు. గవర్నరు కొలువులోని సభలో తోటల దొరల మాటకు విలువ ఉండేది. కూలీకి అక్కడ గొంతు లేదు.

మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఆ కూలీల దస్తరాలు భద్రంగా ఉన్నాయి. సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటి మీది మచ్చ, అన్నీ పొల్లుపోకుండా రాశారు. వెంట వచ్చిన తెలుగు ఉపాధ్యాయుడు ఒక పుట మీద వేలు పెట్టి, "మా ముత్తాతగారి ఎత్తెంతో తెలిసిందండీ. ఆయన మనసులో ఏముండేదో మాత్రం ఇందులో లేదు" అన్నాడు.

పాలకుల ఆ శ్రద్ధ దేనికో 1867 చట్టం చెబుతుంది. ఒప్పందం ముగిసినవాడు సైతం తన ఛాయాచిత్రం అంటించిన అనుమతిపత్రం వెంట ఉంచుకోవాలి. లేకుంటే దేశదిమ్మరి కింద పట్టుబడతాడు. తోటలో ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత.

1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్స్ అనే తోట నిర్వాహకుడు ఈ బాధలన్నిటినీ అర్జీగా కూర్చాడు. 9,401 మంది పేరిట అది గవర్నరు ఆర్థర్ గోర్డన్‌కు చేరింది. దొరలు మండిపడ్డారు, ప్లెవిట్స్‌ను దీవి నుంచి వెళ్ళగొట్టాలన్నారు. గోర్డన్ ఆ అర్జీని అటక మీద పడేయలేదు. 1872లో రాజ విచారణ సంఘం వచ్చింది, 1875లో నివేదిక వెలువడింది, 1878లో కొత్త కార్మిక చట్టం కొన్ని అక్రమాలను తొలగించింది. అన్నీ తీరలేదు. 1886లో శాసనసభకు తొలి ఎన్నికలు జరిగినప్పుడు మూడున్నర లక్షలకు మించిన జనాభాలో ఓటర్లు సుమారు నాలుగు వేలమందే. జనంలో మూడింట రెండు వంతులున్న భారతీయులలో సభకు ఎన్నికైనవారు 1926 దాకా లేరు. వయోజనులందరికీ ఓటు 1959లో గానీ రాలేదు.

అయినా ఆ అర్జీ ముందు నేను తలవంచాను. అంతవరకూ ప్రభుత్వం కూలీని గురించి రాసింది. ఆనాడు కూలీ ప్రభుత్వానికి రాశాడు. చదివిన ఒక అధికారి జవాబు చెప్పవలసినదిగా దానిని భావించాడు. అర్జీ బతకడానికి ఈ రెండూ కావాలి.

కోరంగి దగ్గర ఒక బెస్త ముసలమ్మ నా వద్దకు మూడుసార్లు వచ్చింది. వేటకు వెళ్ళిన కొడుకు తిరిగి రాలేదు, సాయం అందలేదు. మూడుసార్లూ కాగితం తీసుకుని, "వెళ్ళిరా అమ్మా, చూస్తాం" అన్నాను. ఆ తరువాత నాకు బదిలీ అయింది. ఆమె అర్జీకి నేను వేయించిన వరుస సంఖ్య ఏ పుస్తకంలోనో ఇంకా ఉండే ఉంటుంది. ఆమె పేరు మాత్రం నాకు గుర్తులేదు.