నాయన చెప్పింది నేను రాసినాను

ఈసారి గోడపత్రికలో సేద్యం చేసేవాళ్ళ అనుభవాలు వేద్దాము, రాచర్ల చుట్టుపక్కల రైతులను అడిగి తెండి అని మేడం చెప్పారు. సెలవుల్లో మా నాయనను అడిగినాను. "మనం రైతులమా?" అన్నాడు. మా తాత నల్లమలలో తేనె, బంక తెచ్చి బతికినాడు. 2006 అటవీ హక్కుల చట్టం కింద మాకు రెండెకరాలకు పట్టా వచ్చింది. "పట్టా ఉంది గదా" అన్నాను. నవ్వినాడు.

నాయనకు రాయడం రాదు. చెప్తుంటే నేను రాసుకున్నాను.

మాకు బోరు లేదు. వానను నమ్ముకొని కందిలో సజ్జ కలిపి వేస్తాము. సజ్జ కంకి పాలు పోసుకునేటప్పుడు అడవిపందులు వస్తాయి. నాయన మంచె మీద రాత్రంతా డబ్బా కొడతాడు. పోయినేడు ఒక రాత్రి నిద్ర పట్టేసింది. తెల్లారి చూస్తే సజ్జ సగం నేలమట్టం. ఆ పూట అమ్మ అన్నం తినలేదు.

"ఇది రాయొద్దు పాపా, నవ్వుతారు" అన్నాడు. పగలంతా వేరేవాళ్ళ చేలో మిరపనారు నాటే కూలికి పోయినాడు గదా, నిద్ర రాదా? అది కూడా రాస్తానన్నాను. కొంచెంసేపు ఊరుకున్నాడు. "అయితే కంది నిలిచిందని కూడా రాయి" అన్నాడు.

నిలిచింది. నాలుగు మూటలు.

మీ ఇండ్లలో రాయడం రానివాళ్ళను కూడా అడగండి. మీరే రాసుకొని రండి. కింద చోటు వదిలినాము.