పికప్ బండిలో చలి

వేసవిలో రామగుండం, శీతకాలంలో సిర్పూర్(యు): ఉత్తర తెలంగాణలో బండి నడిపేవారికి ప్రకృతి రెండు ముఖాలూ పరిచితములే. మే మాసంలో రామగుండంలో ఉష్ణోగ్రత 45 సెంటీగ్రేడు డిగ్రీలు దాటుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో సిర్పూర్(యు), గిన్నెధరి ప్రాంతాలలో అది 5 డిగ్రీల దరిదాపులకు దిగిన రాత్రులున్నాయి. ఒకే యంత్రం ఈ రెండు ఋతువులనూ తట్టుకొనవలసి ఉంటుంది.

మా మామూ పాత పికప్ బండిలో కరీంనగర్ నుండి ఉట్నూరుకు కిరాణా సరుకులు చేరవేస్తారు. గత శీతకాలంలో ఆ బండి హీటరు నామమాత్రమైపోయింది. చలిని ఓర్చుకొనవచ్చును. కాని వెచ్చని గాలి తగలని ముందు అద్దంపై ఊపిరి ఆవిరి పొరగా కమ్ముకొంటుంది. కవ్వాల్ అడవి నడుమ జన్నారం దాటిన దారిలో, తెల్లవారు మంచులో, అది ప్రాణసంకటమే. "ఒక చేత్తో అద్దం తుడుస్తూ, ఒక చేత్తో నడుపుతున్నాను బేటా" అని మామూ అన్నప్పుడు అమ్మ ముఖం పాలిపోయింది.

తోటి డ్రైవరొకరు క్యాబిన్‌లో బొగ్గుల కుంపటి పెట్టుకొమ్మన్నారట. మూసిన చోట బొగ్గు కాలితే పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు; నిద్రలోనే ప్రాణం తీయగలదు. మామూ ఆ మాట వినక ఉస్తాద్ వద్దకు వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను.

హీటరు తానుగా వేడిని పుట్టించదు. ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన నీరు డాష్‌బోర్డు వెనుకనున్న చిన్న రేడియేటరు గుండా సాగుతుంది. ఫ్యాను దాని మీదుగా గాలిని లోపలికి పంపుతుంది. ఉస్తాద్ మొదట, ఇంజను చల్లగా ఉండగానే మూత తీసి నీటిమట్టం చూశారు. వేడిమీద ఆ మూత తీయరాదు. మట్టం సరిగానే ఉన్నది. పిమ్మట ఇంజనును చాలాసేపు నడిపించి, హీటరుకు పోయే రెండు రబ్బరు పైపులను చేతితో తాకి చూశారు.

"రెండూ కాలుతుంటే లోపం గాలి దారిలో ఉన్నట్లు. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే చిన్న రేడియేటరు బోరునీటి సున్నంతో పూడి ఉండవచ్చు. రెండూ గోరువెచ్చగా ఉంటే ఇంజనే వేడెక్కడం లేదు భాయ్‌సాబ్" అన్నారు.

మా బండి పైపులు రెండూ గోరువెచ్చనివే. థర్మోస్టాటు గూడు విప్పితే అది ఖాళీగా ఉన్నది! ఇంజను సుమారు 80 డిగ్రీలకు వేడెక్కే వరకు నీటిని పెద్ద రేడియేటరుకు పోనీయక ఆపే చిన్న కవాటమది. లోపలి మైనం కరిగి వ్యాకోచించినప్పుడు తెరుచుకొంటుంది. ఏదో వేసవిలో ఇంజను కాగుతున్నదని ఒక మెకానిక్ దానిని తీసివేశాడు. వేడి ప్రాంతాలలో ఇది పరిపాటియే. కాని చలిలో ఇంజను వేడెక్కక డీజిలు అధికంగా తాగుతుంది, త్వరగా అరిగిపోతుంది.

క్రొత్త థర్మోస్టాటు బిగించి, కూలెంటు పోశారు. "వేసవిలోనూ దీనిని తీయకండి. ఇంజను కాగితే కారణం వెతకాలి" అని ఉస్తాద్ హెచ్చరించారు. మరుసటి ప్రయాణంలో అద్దం తేటగా ఉన్నదని మామూ ఫోను చేశారు. ఆ రాత్రి అమ్మ నిశ్చింతగా నిద్రించింది.

విద్యార్థి మిత్రులారా! మే నెలలో అడ్డమనిపించి పారవేసిన వస్తువు విలువ డిసెంబరులో తెలియవచ్చింది. ఏ బాధకైనా తాత్కాలిక ఉపశమనం చూసుకొనేటప్పుడు, దాని మూలమును వెతకడమూ, రానున్న ఋతువును తలచుకొనడమూ వివేకుల లక్షణం.