డబ్బా మోయగలిగినంత

ఏడాదిన్నరగా మా ఇంట్లో తండ్రీకొడుకుల మాటలన్నీ నా మీదుగానే నడుస్తున్నాయి. "వాణ్ణి తినమను" అని ఈయన, "నాన్నని ఫీజు అడుగమ్మా" అని వాడు. పెద్ద గొడవేం కాదు. ఎంసెట్‌లో అనుకున్న ర్యాంకు రాలేదు. ఆ రోజు మావారు కోపంలో "అంతా ఆ గేముల డబ్బా వల్లే" అన్నారు. వాడు గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. ఇప్పుడు ఇంజనీరింగ్ రెండో ఏడు. ర్యాంకు సంగతి అందరం మరిచిపోయాం, తలుపు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ డబ్బా కొన్నదీ మావారే. 2017లో, వాడు ఆరో తరగతిలో ఉండగా, బోనస్ డబ్బుతో. మొన్న నా చీటీ డబ్బు చేతికొచ్చింది. "నీకేమన్నా కావాలా?" అని అడిగితే కాసేపు ఊరుకుని, "గ్రాఫిక్స్ కార్డు" అన్నాడు. అదేమిట్రా అన్నాను. అంతే, నేను గోరుచిక్కుళ్లు తుంచుతుంటే వంటగది గట్టు మీద కూర్చుని గంటసేపు చెప్పాడు. వాడి నోట అన్ని మాటలు విని ఎన్నాళ్లయిందో!

తెర మీద కదిలే బొమ్మల్ని సెకనుకి అరవైసార్లు గీసి చూపించేది ఆ కార్డేనట. మా దాంట్లో ఉన్నది జీటీఎక్స్ 1050 టీఐ. దాని సొంత మెమరీ 4 జీబీ. కొత్త ఆటలకి అది చాలడం లేదు. వాడి మనసు 12 జీబీల ఆర్‌టీఎక్స్ 3060 మీద ఉంది. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు కూడా "కొనేదేదో పెద్దదే కొనక్కా" అన్నాడు. నేను బీఏ తెలుగులో గణాలు లెక్కపెట్టినదాన్నే గానీ వాట్లు లెక్కపెట్టినదాన్ని కాదు. సరే అనబోయాను.

హాల్లోంచి మావారి గొంతు వినిపించింది. "పవర్ సప్లై ఎంతరా?"

ఆయన జీడిమెట్లలో ఒక కంపెనీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తారు. ఆ ప్రశ్న నా మీదుగా రాలేదు. వాడు నా మొహం చూసి, "450 వాట్లు నాన్నా" అన్నాడు.

"పైన రాసింది కాదు. పన్నెండు వోల్టుల లైను ఎన్ని యాంపియర్లు ఇస్తుందో చూడు."

స్క్రూడ్రైవరు, టార్చి వచ్చాయి. మూత తీస్తే ఎనిమిదేళ్ల దుమ్ము. లేబుల్ మీద 18 యాంపియర్లని ఉంది. పన్నెండు పద్దెనిమిదులు 216. అసలు బలం అంతేనన్నమాట! ప్రాసెసర్‌కి 65, 3060కి 170, కలిపితే 235. ఇక ఫ్యాన్లు, డిస్కు ఎక్కడ? ఏఎంఢీ వాళ్ల ఆర్‌ఎక్స్ 6600 చూద్దామన్నాడు. దానికి 132. అంటే 197, అంచు మీదే. పైగా ఆ కార్డులకి సప్లై నుంచి విడిగా వైరు రావాలి, మా దాంట్లో ఆ వైరే లేదు. విడి వైరు లేకుండా మదర్‌బోర్డు స్లాటు ఇచ్చేది 75 వాట్లే.

"సప్లై కూడా మారిస్తే?" అన్నాను. వాడే తల అడ్డంగా ఊపాడు. "ప్రాసెసర్ కూడా పాతదేనమ్మా. పెద్ద కార్డు పెట్టినా దానికి పని అందించలేదు." నాకు అర్థమైంది. ఎంత పెద్ద పొయ్యి తెచ్చినా కూర తరిగే చెయ్యి ఒకటే కదా.

"మోయగలిగినంతే పెట్టాలి. ఎక్కువ పెడితే కాలిపోతుంది," అన్నారు మావారు, టేపుతో లోపల జాగా కొలుస్తూ. ఆ మాట ర్యాంకు వచ్చిన రోజు మాకెందుకు తోచలేదో అనుకున్నాను. పైకి అనలేదు.

చివరికి తేలింది ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీది. 2024లో వచ్చింది, 70 వాట్లే. విడి వైరు అక్కర్లేని రకం దొరుకుతుంది. ఇక్కడో మెలిక ఉంది, మీ పిల్లలు అడిగితే గుర్తుపెట్టుకోండి. ఇదే పేరుతో 8 జీబీది కూడా ఉంది. అది వేగం ఎక్కువే గానీ 130 వాట్లు తాగుతుంది.

ఆదివారాలు కొట్లు ఉండవేమోనని శనివారమే ఇద్దరూ బండి మీద వెళ్లారు. కొంపల్లి, సుచిత్ర, బోయిన్‌పల్లి మీదుగా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి. అందరూ సీటీసీ అంటారే, అదే. అక్కడొకాయన తక్కువ ధరకి వాడిన 3060 చూపించాడట. 2022 సెప్టెంబర్‌లో ఈథీరియం మైనింగ్ ఆగిపోయాక, రాత్రింబగళ్లు నడిచిన కార్డులు చాలా అమ్మకానికొచ్చాయని వాడికి తెలుసు. వారంటీ ఉన్న కొత్తదే తెచ్చుకున్నారు. ఇరవై వేలలోపే అయింది, మిగిలింది నా చేతిలో పెట్టారు.

కార్డు బిగించింది వాడు, టార్చి పట్టుకున్నది ఈయన. ఆట బాగానే నడుస్తోందట. అన్నీ గరిష్ఠంలో కాదు, మధ్యస్తంగా పెట్టుకుంటే చాలంటున్నాడు.

ఈ పొద్దున దోసెలు వేస్తున్నాను. మావారు ప్లేటు ముందు కూర్చుని నా వైపు చూశారు. "వాణ్ణి తినమను" అంటారనుకున్నా. గది వైపు తిరిగి, "ఒరే, దోసె చల్లారిపోతోంది రా!" అని కేకేశారు.