సొరంగాల లెక్క

ఈసారి రిపబ్లిక్ డే సోమవారం పడింది. శని, ఆదివారాలు కలుపుకుంటే మూడు రోజులు. మా ఇంట్లో వరసగా సెలవులొస్తే అమ్మ బీరువాలు సర్దిస్తుంది. అందుకే శుక్రవారం రాత్రి నాన్న అన్నం తింటూ "అరకు వెళ్దామా?" అనగానే నేనూ తమ్ముడూ ఎంగిలి చేతుల్తోనే గంతులేశాం. సోమవారం పొద్దున బళ్లో జెండా వందనం కాబట్టి ఆదివారం రాత్రికి విశాఖపట్నం తిరిగొచ్చెయ్యాలని అమ్మ షరతు పెట్టింది. నానమ్మ మాత్రం "ఏట్రా, ఈ చలిలో కొండలెక్కించి నన్ను చంపెత్తారేటి?" అని గొణుగుతూనే తన మంకీ టోపీ వెతుక్కుంది.

కిరండోల్ బండి ఏడు కాకముందే బయల్దేరుతుంది. అరకు వరకు 58 సొరంగాలని అందరూ అంటారు. అందరూ అంటే సరిపోతుందా? రఫ్ నోటు చివరి పేజీలో గీతలు పెట్టి నేనే లెక్క తేలుద్దామనుకున్నాను. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. శృంగవరపుకోట దాకా అంతా మామూలే, పొలాలు, తాటిచెట్లు, తమ్ముడి అల్లరి. బొడ్డవర దాటాక బండి కొండ పట్టింది.

మొదటి సొరంగం రాగానే బోగీ మొత్తం ఒక్కసారిగా "ఓ..." అని అరిచింది. ఎవరు నేర్పారో గానీ కాలేజీ అన్నయ్యలు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న ఆంటీలు, అందరికీ వచ్చు ఆ అరుపు. బ్యాంకులో పనిచేసే మా నాన్న కూడా అరిచారు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు పదకొండేళ్లుగా తెలియదు! ఎదురు సీట్లో నిద్రపోతున్న తాతగారు ఉలిక్కిపడి లేచి, విషయం అర్థమయ్యాక తర్వాతి సొరంగానికి ఆయనా అరిచారు.

లెక్క అనుకున్నంత సులువు కాదు. చీకటి మధ్యలో కొంచెం వెలుగు పడి మళ్లీ చీకటైతే అది ఒక సొరంగమా, రెండా? నేను రెండన్నాను. తమ్ముడు ఎన్ని అరుపులైతే అన్ని సొరంగాలన్నాడు. వాడికి ఏడేళ్లు, వాదించి లాభం లేదు.

చిమిడిపల్లిలో బండి చాలాసేపు ఆగింది. ఎదురుగా గూడ్సు వస్తోందన్నారు. అది రానే వచ్చింది, ఎంతకీ అవ్వదు. వ్యాగన్ల నిండా ఇనప రాయి. బైలదిల్లా కొండల్లో తవ్విన ఆ రాయిని విశాఖ పోర్టుకి తెచ్చి ఓడలెక్కించడానికే 1960ల్లో జపాన్ సాయంతో ఈ లైను వేశారని నాన్న చెప్పారు. నానమ్మ ఏమీ మాట్లాడకుండా కిటికీ ఊచమీద వేలితో రాసింది. వేలికి ఎర్రగా అంటింది. దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, "ఇదే. ఇదేనర్రా ఆ దుమ్ము" అంది.

తాతయ్య పోర్టులో పనిచేసేవారు. నాకు ఆయన గోడమీద ఫొటోలోనే తెలుసు. ఆయన చొక్కాలకి పట్టిన ఎర్రదుమ్ము ఎంత బాదినా పోయేది కాదట, కాలరు మడతల్లో ఉండిపోయేదట. "ముప్ఫయ్యేళ్లు ఉతికాను, ఎక్కణ్ణించి వత్తందో ఇప్పుడు చూశాను" అంది. గూడ్సు వెళ్లిపోయాక కూడా ఆ వేలు కొంగుకి తుడుచుకోలేదు. నేను చూశాను.

బొర్రా గుహల దగ్గర దిగిపోయాం. నా లెక్క సగంలో ఆగిపోయింది. మిగతావి తిరిగొచ్చేటప్పుడు చూసుకోవచ్చులే అనుకున్నాను.

గుహ ముందు కోతులున్నాయి. అవి తమ్ముడి చిప్సు పొట్లం తీసుకున్నాయి. దాని గురించి ఇంతకంటే రాయొద్దని వాడు బతిమాలాడు. లోపలికి మెట్లు దిగుతుంటే చలి తగ్గి చెమ్మ వాసన మొదలైంది. గైడు టార్చి వేసి ఇది మొసలి, ఇది శివపార్వతులు, ఇది తల్లీబిడ్డ అని చూపిస్తున్నాడు. అందరూ "అవును, అవును" అన్నారు. నాకు మొసలి కనబడలేదు, పొంగి గిన్నె అంచుల మీంచి కారి గడ్డకట్టిన ఇడ్లీ పిండిలా కనబడింది. పైకప్పులో ఒక కన్నముంది. దాంట్లోంచి ఆవు పడిపోతే వెతుక్కుంటూ వచ్చిన పశువుల కాపరి లోపల శివలింగాన్ని చూశాడట. నానమ్మ లింగానికే కాదు, దారిలో నున్నగా కనబడిన ప్రతి రాయికీ దణ్ణం పెట్టింది.

నీళ్లు సున్నపురాయిని కరిగించి, బొట్టు బొట్టుగా జారుతూ, ప్రతి బొట్టుతో ఇంత సున్నం వదిలిపోతాయని నాన్న చెప్పారు. మా ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి గార కడుతుంది. అమ్మ చింతపండు పెట్టి తోముతుంది. ఇక్కడ తోమేవాళ్లు లేరు, అందుకని ఇంతయింది. ఒక బొట్టు వేలాడుతుంటే కింద అరచెయ్యి పెట్టాను. ఎంతసేపటికీ పడలేదు. నాన్న పిలిచాక చెయ్యి తీశాను, అప్పుడు పడింది.

అక్కణ్ణించి జీపులో అరకు చేరాం. ఆ రాత్రి చలికి నానమ్మ టోపీ కోసం అందరం పోటీ పడ్డాం. ఆదివారం మ్యూజియం చూశాం. బొంగు చికెన్ తిన్నాం. వెదురు బొంగులో కూరి, ఆకుతో మూతిబిగించి, నిప్పుల్లో కాలుస్తారు, నూనె వెయ్యరు. బాగుంది గానీ అమ్మ వండే కూర దీనికంటే బాగుంటుంది. ఇది అమ్మకి చూపించడానికి రాసింది కాదు.

కాఫీ తోటలో పొడుగాటి చెట్లకి మిరియాల తీగలు అల్లుకుని, వాటి నీడలో కాఫీ మొక్కలున్నాయి. ఎర్రటి పండొకటి నోట్లో వేసుకుంటే తొక్క తియ్యగా, గింజ జిగటగా ఉంది. కాఫీ వాసనే లేదు. పక్కనే ఒక ఇంటి ముందు పట్టా మీద పళ్లు ఎండబోశారు. నా ఈడు అమ్మాయి వాటిని కాళ్లతో తిరగేస్తోంది. ఆశ్రమ పాఠశాలలో ఆరో తరగతట. సెలవని ఇంటికొచ్చిందట. జెండా వందనానికి రేపు పొద్దున్నే వెళ్లిపోవాలంది. నాకూ అంతే అన్నాను. ఆ తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు, ఇద్దరం కలిసి పళ్లు తిరగేశాం.

తిరుగు బండి ఎక్కేసరికి చీకటి పడిపోయింది. నోటు తీశాను గానీ ఏది సొరంగమో ఏది రాత్రో తెలియడం లేదు. శిమిలిగుడ ఒకప్పుడు దేశంలోకెల్లా ఎత్తయిన బ్రాడ్‌గేజి స్టేషనట, అదీ కనబడలేదు. నాకు ఏడుపొచ్చింది. నానమ్మ "కళ్లెందుకే, చెవులు లేవేటి?" అంది. నిజమే, సొరంగంలోకి వెళ్లగానే చప్పుడు దగ్గరికొచ్చేస్తుంది, బయటపడగానే దూరమవుతుంది. నానమ్మ చప్పుడు మారినప్పుడల్లా పొట్లంలోంచి ఒక వేరుశెనక్కాయ తీసి ఒళ్లో వేసుకుంది. బొర్రా వచ్చాక లెక్కపెట్టి నోట్లో రాసిన దాంతో కలుపుకుందామని చెప్పి నేను ఆమె భుజం మీద వాలాను.

లేచేసరికి కొత్తవలస దాటేశాం. నానమ్మ కూడా నిద్రపోయింది. ఆమె ఒళ్లో డొల్లలున్నాయి, అవీ చిందరవందరగా. తమ్ముడు నోరు తుడుచుకుంటున్నాడు.

మీలో ఎవరైనా పగటిపూట అరకు నుంచి వస్తే, బొర్రా వరకు ఎన్ని సొరంగాలున్నాయో లెక్కపెట్టి నాకు చెప్పండి. వేరుశెనక్కాయలతో మాత్రం లెక్కపెట్టకండి.