ట్రాక్టర్ నోటు, చార్మినార్ బిళ్ళ

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో కిరాణం కొట్టుకు పోయి పది రూపాయల బిళ్ళ ఇస్తే, చాలాచోట్ల అది ఇచ్చినంత వేగంగానే వెనక్కి వస్తుంది. "ఇది నడుస్తలేదన్నా, నోటుంటె ఇయ్యి" అంటాడు దుకాణదారు. అది చెల్లుతుందని రిజర్వ్ బ్యాంకు చెప్పీ చెప్పీ అలసిపోయింది. 2018 జనవరిలోనైతే అప్పటిదాకా విడుదలైన 14 నమూనాలనూ లెక్కపెట్టి, అన్నీ చెల్లుతాయని ప్రకటించింది. అయినా అది గల్లాపెట్టెలోకి పోదు. అదే కొట్టు అరుగు మీద కూర్చున్నవాళ్ళ ఫోన్లో నడిచే వీడియో మాత్రం, వెనక ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకు లక్షలిస్తామంటుంది. దాన్ని నమ్మడానికి ఏ బ్యాంకూ చెప్పనక్కర్లేదు. సర్కారు పూచీ ఉన్న పదికి విలువ లేదు, ఐదుకు మాత్రం ఎవరి పూచీ లేని లక్షల విలువ ఉంది! దీన్ని అమాయకత్వమని కొట్టిపారేయడం తేలికే గాని సరికాదు. రెండింటి వెనకా నడిచే ఆలోచన ఒక్కటే: నా తర్వాతివాడు దీన్ని తీసుకుంటాడా, తీసుకోడా? బిళ్ళ విషయంలో ఆ సంగతి పొద్దుగూకేలోగా తేలిపోతుంది. నోటు విషయంలో ఎప్పటికీ తేలదు, ఎందుకంటే బీరువాలో దాచుకున్నవాడు దాన్ని అమ్మజూపడు. అమ్మజూపనంత కాలం దాని ధర ఎంతైనా కావచ్చు. ఈ మోజు అంతా బతుకుతున్నది ఆ సందులోనే.

దాచుకొమ్మని ఊరూరా చాటింపు వేసిన వస్తువు ఎన్నటికీ అరుదు కాదన్నది నా వాదన. ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటు దశాబ్దాల పాటు కోట్లకొద్దీ అచ్చయింది. రూపాయి నోటు అచ్చు 1994లో ఆగిపోయిందని మురిసి దాచుకున్నవాళ్ళు ఉండగానే, 2015లో సర్కారు దాన్ని మళ్ళీ మొదలుపెట్టింది. 2012లో వైష్ణోదేవి అమ్మవారి బొమ్మతో వచ్చిన బిళ్ళలు ఇప్పటికీ చిల్లరలో తగులుతుంటాయి. ఇక 786 అంకె ఉన్న నోట్లు. ఆ సంఖ్యను పవిత్రంగా భావించేవాళ్ళు దాన్ని పర్సులో భద్రంగా పెట్టుకుంటే అది భక్తి, దానితో మనకు పేచీ లేదు. ధర మాట వచ్చినప్పుడు మాత్రం లెక్క కట్టాలి. నోటు మీద వరస సంఖ్యకు ఆరంకెలు ఉంటాయి. అందులో 786 మొదట రావచ్చు, చివర రావచ్చు, నడుమ రెండు చోట్ల రావచ్చు. ఒక్కో చోటికి మిగిలిన మూడంకెలు వెయ్యి రకాలుగా మారతాయి గనుక మొత్తం నాలుగు వేలు. 786786 అన్నది రెండుసార్లు లెక్కకొస్తుంది కాబట్టి ఒకటి తీసేస్తే 3,999. అంటే ప్రతి పది లక్షల నోట్లలో దాదాపు నాలుగు వేలు, సగటున 250 నోట్లకు ఒకటి. దేవరకొండ బస్సు కండక్టరు సంచీలోకి వారంలో ఇలాంటివి ఎన్ని వచ్చిపోతాయో ఆయనకే పట్టదు. 250కి ఒకటి దొరికే వస్తువుకు లక్ష రూపాయలిచ్చేవాడుంటే దేశంలో బ్యాంకు క్యాషియర్లందరూ ఈపాటికి కోటీశ్వరులయ్యేవాళ్ళు.

మరి ఆ లక్షలు ఎక్కడినుంచి వచ్చాయి? అమ్మకాల వెబ్‌సైట్లో ఎవడైనా తన నోటు ఫోటో పెట్టి ఐదు లక్షలని రాసుకోవచ్చు. అది అతను అడిగిన ధర, ఎవరో ఇచ్చిన ధర కాదు. వీడియో చేసేవాడు ఆ అడిగిన ధరనే చూపించి "ఇంత పలుకుతోంది" అంటాడు. దాన్ని చూసిన మరో పదిమంది తమ నోట్లకూ అదే రాస్తారు. అప్పుడు పదకొండు సాక్ష్యాలున్నట్టు కనబడుతుంది గాని, కొన్నవాడు ఒక్కడూ లేడు.  

అమెరికాలో కామిక్ పుస్తకాల సేకరణదారులు ఇదే దారిలో బోర్లా పడ్డారు. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక 1938లో పది సెంట్లకు అమ్మారు. దాని ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అచ్చయినవి రెండు లక్షల దాకా ఉంటే, ఇప్పుడు మిగిలినవి వందకు అటూ ఇటూ. పిల్లలు చదివారు, నలిపారు, చింపారు. యుద్ధకాలంలో పాత కాగితాలు సేకరిస్తుంటే తల్లులు కట్టలు కట్టి ఇచ్చేశారు. ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల వచ్చిన కొరత అది. ఆ ధరలు పత్రికల్లోకెక్కాక కొత్త తరం తెలివి మీరింది. 1991లో ఎక్స్‌మెన్ కొత్త వరసలో మొదటి సంచికను వేరువేరు ముఖచిత్రాలతో వేస్తే 80 లక్షల ప్రతుల దాకా దుకాణాలకెళ్ళాయి. 1992లో సూపర్‌మ్యాన్ చనిపోయిన సంచికను నల్లసంచీలో మూసి అమ్మితే, జనం తలా నాలుగైదు కొని సంచీ విప్పకుండా అటక మీద పెట్టారు. కథ చదివితే విలువ పడిపోతుందట! ముప్పై ఏళ్ళు గడిచినా అవన్నీ అలాగే నిగనిగలాడుతూ ఉన్నాయి, కాబట్టే వాటిని పెద్ద ధరకు అడిగే దిక్కు లేదు. మోజు చల్లారాక వందల దుకాణాలు మూతపడ్డాయి. 1996 డిసెంబరులో మార్వెల్ కంపెనీ దివాలా కోర్టుకెక్కింది. దివాలాకు అప్పుల వంటి వేరే కారణాలూ ఉన్నాయి గాని, కొనుగోలుదారులు చదువరుల నుంచి పందెగాళ్ళుగా మారడం వాటిలో చిన్నదేమీ కాదు. మన దగ్గర దీనికి దగ్గరి వస్తువు చందమామ. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన ఆ పత్రిక తొలి సంచికలు ఇవాళ అపురూపమయ్యాయంటే, ఇళ్ళలో చేతులు మారి అట్టలూడి, చివరికి పాత కాగితాల్లో కలిసి పొట్లాలైపోవడం వల్లే. వాటి స్కాన్లు ఉచితంగా దొరుకుతున్నా అసలు ప్రతి కోసం వెతికేవాళ్ళున్నారు. ఎవరైనా ఆనాడే నూరేసి ప్రతులు పెట్టెలో దాచమని ప్రచారం చేసి ఉంటే ఈ వెతుకులాటకు పని ఉండేది కాదు.

దీనికొక అభ్యంతరం ఉంది, గట్టిదే. పాత నాణేలకు నిజంగానే ధర పలుకుతోంది కదా, 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి కోసం సేకరణదారులు లక్షలు పెట్టడం లేదా, అంతా బూటకమని ఎలా అంటావు? బూటకమని అనడం లేదు. 1939 రూపాయి మీద అంత పోటీ ఎందుకంటే ఆ ఏడాదివి బయటికి వచ్చినవే బహు కొద్ది. అసలైన బజారులో ధరకు ఇలాంటి కారణం ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరైనా పరీక్షించి చూడొచ్చు. దగ్గరి ఉదాహరణకు నిజాం చార్మినార్ రూపాయి తీసుకోండి. 1890లో పాలమూరుకు తన పేరు పెట్టించుకున్న ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యంత్రం మీద కొట్టించిన నాణెం అది. ఒక వైపు చార్మినార్. దాని నడిమి కమాను కింద, వాకిట్లో నిలబడ్డట్టు, చిన్న అక్షరం ఒకటి ఉంటుంది. మహబూబ్ అయితే మీమ్, ఆయన కొడుకు ఉస్మాన్ అయితే ఐన్. ఉస్మాన్ కాలపు నాణేల మీద ఆ ఐన్ మొదట సగమే కనబడుతుంది, తర్వాతివాటిలో నిండుగా ఉంటుంది. తేదీ హిజ్రీ సంవత్సరంలో, ఉర్దూ అంకెల్లో. ఉర్దూ మీడియంలో చదివిన పాతకాలపు పెద్దమనిషి దాన్ని 1330 అని చదివితే, పక్కనున్న మనవడు ఏడు వందల ఏళ్ళ నాటిదని ఎగిరి గంతేస్తాడు. హిజ్రీ 1330 అంటే మన లెక్కలో దాదాపు 1912, టైటానిక్ మునిగిన ఏడు. బరువు 11 గ్రాములకు కొంచెం పైన, అందులో వెండి నూటికి 82 పాళ్ళకు కాస్త తక్కువ. సేకరణదారుడు చూసేది ఇవన్నీ: ఏ ఏడు, ఏ అక్షరం, అంచులు ఎంత అరిగాయి, ఎవరైనా తోమి మెరిపించారా. తోమితే ధర పడిపోతుందన్న ముక్క మాత్రం వీడియోల్లో వినబడదు, చింతపండుతో రుద్ది ఫోటో తీసి పెట్టమనేవాళ్ళే ఎక్కువ. హాలి సిక్కా అని పిలిచిన ఈ నిజాం నాణెం 1950ల చివరిదాకా మన ప్రాంతంలో చేతులు మారిన డబ్బు. లక్షలాది ఇళ్ళ సందుగుల్లో మిగిలింది గనుక మామూలు సంవత్సరాలవి వెండి ధరకు కాస్త పైన పోతాయి, అంతే.

రెండో అభ్యంతరం జాలిగుండెలది. ఐదు రూపాయల నోటు దాచుకుంటే ఎవరికి నష్టం, ఆశపడనివ్వండి అంటారు. ఐదు దగ్గరే ఆగితే నిజమే. కాని నోటు ఫోటో పంపిన మర్నాడే ఫోన్ వస్తుంది: మీ నోటు ఎంపికైంది, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, ఆ తర్వాత జీఎస్టీ, ఆ తర్వాత రిజర్వ్ బ్యాంకు అనుమతి. తన పేరు వాడుకుని ఇలా కమీషన్లు, పన్నులు గుంజుతున్నారని, తాము ఇలాంటి వ్యవహారాల్లో ఎక్కడా లేమని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించాల్సి వచ్చింది. అంటే ఈ బజారులో నిజంగా చేతులు మారుతున్న సరుకు నోటు కాదు, ఆశ. కొనేవాడు నోటు ఉన్నవాడే, అమ్మేవాడు ఫోన్ చేసినవాడు. దీని మీది మెట్టులో 1818 నాటి ఈస్టిండియా కంపెనీ బిళ్ళలంటూ రాముడు, హనుమంతుడి బొమ్మలతో తిరిగే రాగి బిళ్ళలున్నాయి. ఆ ఏడాది కంపెనీ అలాంటివేవీ ముద్రించలేదు. దేవుడి బొమ్మ, తెల్లదొర పేరు, పాత తేదీ మూడూ కలిస్తే మన దగ్గర అడ్డు చెప్పేవాడు ఉండడు, తయారుచేసినవాడికి ఆ సంగతి బాగా తెలుసు. ఇంకా పైమెట్టు రైస్ పుల్లింగ్: బియ్యపు గింజల్ని లాగే రాగి చెంబుకు విదేశాల్లో కోట్లిస్తారని చెప్పి, పరీక్ష ఖర్చుల పేరిట లక్షలు గుంజే మోసం. పోలీసులు ఏటా ముఠాలను పట్టుకుంటూనే ఉంటారు. ఆఖరు మెట్టు గుప్తనిధులు. నల్లమల అంచుల నుంచి కృష్ణ ఒడ్డు దాకా పాడుబడ్డ గుళ్ళలో పెకలించిన నందులు, పక్కకు ఒరిగిన లింగాలు ఎన్నో. ఐదు రూపాయల నోటు దాచుకున్న ప్రతివాడూ గునపం పట్టడు, నిజమే. కాని పాత వస్తువంటే లక్షలన్న లెక్క ఊళ్ళో స్థిరపడ్డాక, గునపం పట్టినవాణ్ణి వద్దనే నోరు ఊళ్ళో మిగలదు.

నేలలో ఏమీ లేదని కాదు. ఈ నేల నిజంగానే నాణేల గని. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేలు పదిహేను వందలకు పైనే, అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల బొమ్మలతో. పాత నల్లగొండలోనే ఉండి ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న ఫణిగిరి బౌద్ధక్షేత్రంలో 2024లో తవ్వకాలు జరిపితే ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి. ఒక పక్క ఏనుగు, మరో పక్క ఉజ్జయిని గుర్తు, ఇక్ష్వాకుల కాలం. ఒక్కొక్కటి సగటున 2.3 గ్రాములు. అంటే మొత్తం ఎనిమిదిన్నర కిలోల సీసం. పాత సామాన్లు కొనేవాడి తక్కెడలో వేస్తే రెండు వేలు కూడా రావు. విడివిడిగా బజారుకెక్కితే మామూలు ఇక్ష్వాకు సీసపు బిళ్ళలుగా ఎక్కడెక్కడి ఆల్బముల్లోనో చేరేవి. అన్నీ ఒకే రకంగా, ఒకే కుండలో, ఒక విహారం ఆవరణలో, ఏ మట్టిపొరలో ఉన్నాయో రాసిపెట్టి తీశారు గనుక, పదిహేడు వందల ఏళ్ళ కింద భిక్షువుల దగ్గరికి డబ్బు ఎలా వచ్చిందో, ఎందుకు దాచారో అడగడానికి దారి దొరికింది. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాలంటుంది. దీన్ని సర్కారు దోపిడీ అని తిట్టేవాళ్ళు, అదే చట్టం దొరికినవాడికీ భూమి యజమానికీ వాటా గురించి రాసిందన్న మాట ఎత్తరు.

చివరి అభ్యంతరం తత్త్వం తెలిసినవాళ్ళది. ధరలన్నీ నమ్మకమే కదా, బంగారం మాత్రం తింటామా, దానికో న్యాయం నోటుకో న్యాయమా? నమ్మకమే, ఒప్పుకుంటాను. తేడా అమ్మబోయిన నాడు తెలుస్తుంది. తులం బంగారం పట్టుకుని నల్లగొండ బజారులో ఏ దుకాణం మెట్లెక్కినా తూచి, తరుగు తీసి, అదే పూట డబ్బు చేతిలో పెడతారు. ఈ దుకాణంలో తక్కువంటే పక్క దుకాణముంది. చార్మినార్ రూపాయి తీసుకెళ్ళినా అక్కడే అమ్మొచ్చు, కాకపోతే ఆయన మీమ్ చూడడు, ఐన్ చూడడు, రాగి కల్తీ పోనూ వెండి ఎంతో చూసి దానికే లెక్క కడతాడు. పైన వచ్చే నాలుగు డబ్బులు కావాలంటే హైదరాబాదులో నాణేల ప్రదర్శనకు వెళ్ళి, భూతద్దం కళ్ళకానించుకుని కూర్చున్నవాళ్ళ ముందు పెట్టాలి. వాళ్ళు దాన్ని తిప్పి చూసి, ఈ ఏడాదివి తమ దగ్గర ఇప్పటికే పదున్నాయని వెనక్కి ఇచ్చినా ఇస్తారు. ట్రాక్టర్ నోటుకు ఆ పాటి వెండి కూడా లేదు. కిరాణం కొట్టులో దానికి ఐదు రూపాయల సరుకు వస్తుంది, అదీ దుకాణదారు తీసుకుంటే.