తుంటికి తొడుగు ఎవరికి తగును?

పోయిన నెలలో మా రామన్నపేట ఆస్పత్రికి ఒక గీత కార్మికుడు వచ్చాడు. నలభై దాటని మనిషి. మోకు వేసుకుని తాడిచెట్టు ఎక్కే కాలు గడప దాటడానికే మొరాయిస్తోంది. "ఫ్లోరైడు నీళ్ల గుణం సారూ" అన్నాడు. మా నల్గొండ వైపు ఏ కీలు నొచ్చినా ముందు నీళ్లనే అంటారు. అందులో నిజం లేకపోలేదు కూడా. కాని అతని ఎక్స్‌రే వేరే సంగతి చెప్పింది. తుంటి కీలులోని బంతికి రక్తం అందక, ఎముక చచ్చుబడి కుంగిపోయింది.

ఆపరేషను మాట ఎత్తగానే అతను, "మా పిల్లగాడు సెల్లుల చూపిండు సారూ. టెన్నిస్ ఆడేటాయన తుంటికి తొడుగు ఏసుకొని మళ్ల ఆడిండట. గదే నాకూ ఏపియ్యరాదు? చెట్టెక్కకుంటె ఇల్లెట్ల గడుస్తది?" అన్నాడు.

పిల్లవాడు చూపించింది అబద్ధం కాదు. ఆండీ మరే 2019 జనవరిలో ఆ ఆపరేషను చేయించుకుని, అక్టోబరులో ఆంట్వెర్ప్‌లో టైటిల్ గెలిచాడు.

తుంటి కీలు అంటే గిన్నెలో తిరిగే బంతి. అది అరిగిపోతే సాధారణంగా బంతిని కోసి తీసి, తొడ ఎముకలోకి కాడ దింపి, కొత్త బంతి అమరుస్తారు. తొడుగు పద్ధతి వేరు. పుచ్చిన పన్ను పీకకుండా చెక్కి తొడుగు వేసినట్లు, బంతిని కోయకుండా నున్నగా చెక్కి దానిపై లోహపు టోపీ వేస్తారు. గిన్నెలో లోహపు పొర అమరుస్తారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో డెరెక్ మెక్‌మిన్ అనే సర్జను 1997లో ప్రవేశపెట్టిన తొడుగుతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. ఎముక మిగులుతుంది, బంతి పెద్దది కనుక కీలు సులభంగా తప్పదు.

ఇంత బాగుంటే అందరికీ ఎందుకు వేయరు? దీనికి జవాబు నేను పుస్తకాల్లో కంటే ఒక టీచరమ్మ దగ్గర నేర్చుకున్నాను.

ఆమె 2008లో హైదరాబాదులో తొడుగు వేయించుకున్నారు. వెళ్లమని ధైర్యం చెప్పిన వాణ్ణి నేనే. ఏడాదిపాటు చక్కగా నడిచారు. తర్వాత గజ్జల్లో నొప్పి మొదలైంది. "ఆపరేషను అయిన కాలు కదమ్మా, ఉంటుంది" అని నొప్పి మాత్రలు రాసిచ్చాను. అలా దాదాపు ఏడాది పోగొట్టాను. చివరికి పరీక్షిస్తే తేలిందేమిటంటే, లోహానికి లోహం రాసుకుని కోబాల్టు, క్రోమియం రజను రాలి, చుట్టూ కండ వాచి, ఎముక తినేసింది.

అప్పటికే, 2010 ఆగస్టులో, ఎ.ఎస్.ఆర్. అనే రకం కీళ్లను తయారీదారు ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నాడు. మన దేశంలో ఆ బాధితులకు నష్టపరిహారం లెక్క 2018లో గాని ఖరారు కాలేదు. టీచరమ్మది ఆ రకమో కాదో చెప్పడానికి ఆమె దగ్గర ఒక్క కాగితం లేదు. "అడగాలని మీరూ చెప్పలేదు కదా డాక్టరు గారూ" అన్నారు. కోపంగా అనలేదు, అందుకే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. రెండో ఆపరేషనుతో పూర్తి కీలు మార్చారు. నడుస్తున్నారు, కర్రతో.

ఆడవారిలో బంతి చిన్నది, వారికి ఈ లోహపు తొడుగు ఎక్కువగా విఫలమవుతుందని తర్వాత లెక్కలు తేల్చాయి. యాభై అయిదు లోపు వయసు, పెద్ద బంతి, గట్టి ఎముక ఉన్న మగవారిలో మాత్రం మంచి రకం తొడుగు పదేళ్ల తర్వాత కూడా పదిమందిలో తొమ్మిది మందికి పైగా నిలుస్తోంది. ఎముక గుల్లబారినవారికి, కిడ్నీ జబ్బున్నవారికి, లోహం పడనివారికి ఇది తగదు. బలహీనమైన ఎముకపై వేస్తే మొదటి నెలల్లోనే బంతి మెడ దగ్గర విరగవచ్చు.

తొడుగైనా, పూర్తి కీలైనా ఈ మూడు మాటలు మరవకండి. లోపల పెట్టిన భాగం పేరు, సైజు, నంబరు ఉన్న స్టిక్కరును డిశ్చార్జి కాగితంతో ఇంటి దస్తావేజుల్లో దాచుకోండి. కొంతకాలం బాగుండి తిరిగి గజ్జల్లో నొప్పి, వాపు, కుంటు వస్తే మాత్రలతో సరిపెట్టుకోకండి. లోహపు తొడుగున్నవారు బాధ లేకపోయినా డాక్టరు చెప్పిన గడువుకు ఎక్స్‌రే, రక్తంలో కోబాల్టు, క్రోమియం పరీక్ష చేయించుకోండి.

గీత కార్మికుడితో ఉన్నమాటే చెప్పాను. పునాది కుంగిన గోడకు పైన గిలాబు ఏం లాభం? అతనికి పూర్తి కీలే తగినది. నొప్పి పోతుంది, నడక వస్తుంది, చెట్టు మాత్రం ఎక్కరాదు. చాలాసేపు మాట్లాడలేదు. ఆరోగ్యశ్రీ కౌంటరుకు చీటీ రాసిస్తుంటే, "ఆ స్టిక్కరు ముచ్చట గూడ రాయండి సారూ, నేను మర్సిపోత" అన్నాడు.

పెద్ద అక్షరాలతో రాశాను.