మా మోరి మామ - మా డీజే మిక్స్

వార్షికోత్సవ సంచికకు మీ బ్యాచ్ తరఫున ఏదైనా రాసి పంపండన్నా అని సంపాదక తమ్ముళ్ళు ఫోన్ చేసినప్పుడు మేమిద్దరం చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. హాస్టల్ సాంబారు, తెల్లవారుజాము స్టడీ అవర్, వార్డెన్ సార్ విజిల్, గోడ దూకి సెకండ్ షోకు వెళ్ళడం - ఇవన్నీ ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మాకు చెప్పాల్సింది వేరే ఉంది. ఒక పాట గురించి. సరిగ్గా చెప్పాలంటే మేము చేసిన ఒక తప్పు గురించి. చివర్లో మీ అందరితో ఒక పని కూడా ఉంది కాబట్టి మధ్యలో విసుగొచ్చినా పేజీ తిప్పెయ్యకండి.

మేము అంటే ఇద్దరం. ఒకే ఊరివాళ్ళం, వరసకు అన్నదమ్ములం, ఈ హాస్టల్లో పక్కపక్క ట్రంకు పెట్టెలవాళ్ళం. మా ఊరు అరకు నుంచి డుంబ్రిగుడ దాటి ఇంకా లోపలికి. ఇప్పుడది అల్లూరి సీతారామరాజు జిల్లా. 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లాయే.

మా ఊళ్ళో ఒక మామ ఉండేవాడు. మోరి ఊదేవాడు. మైదానం తమ్ముళ్ళ కోసం చెబుతున్నాం, మోరి అంటే సన్నాయి లాంటిది. మా థింసాకు డప్పు, తుడుము, కిరిడి, జోడికొమ్ములు ఎన్ని ఉన్నా మోరి లేకపోతే ఆడవాళ్ళు లైను కట్టరు. ఒకరి వీపు వెనుక ఒకరు చేతులు బిగించి, గొలుసులాగా, వంకీ తిరుగుతూ ఆడతారు. థింసా అంటే ఒకటే ఆట అనుకుంటారు, అరకు వచ్చిన టూరిస్టులు రిసార్టులో ఫోటో దిగి వెళ్ళిపోతారు. పొతర్ తోలా థింసాలో ఆకులు ఏరుతారు. కుండా థింసాలో భుజాలతో నెట్టుకుంటారు. భాగ్ థింసాలో పులి వస్తుంది. దేని నడక దానిదే. ఆ నడకలన్నీ మామ బుగ్గల్లో ఉండేవి.

2019 ఏప్రిల్‌లో ఇటుకల పండుగకు సెలవుల్లో ఊళ్ళో ఉన్నాం. మగవాళ్ళు వేటకు పోయారు, ఆడవాళ్ళు రోడ్డు మీద బళ్ళను ఆపి పండుగ డబ్బులు వసూలు చేస్తున్నారు. మామకు మోకాలు నొప్పి కాబట్టి వేటకు పోలేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఊదుతుంటే, పక్కన ఇంకో ముసలాయన డప్పు అందుకున్నాడు. మేము ఫోన్ తీసి రికార్డు చేశాం. ఏడు నిమిషాల నలభై సెకన్లు. ఎందుకు చేశామో మాకే తెలీదు, ఫోన్ కొత్తది, అంతే.

జూన్‌లో హాస్టల్ తెరిచాక అదే మాకు గొప్ప అయిపోయింది. రాత్రి భోజనాల తరువాత వరండాలో బ్లూటూత్ ఆన్ చేసి కనీసం పదిమందికి పంపించి ఉంటాం. చోడవరం వైపు తమ్ముడొకడు దాన్ని అలారం పెట్టుకుని తెల్లారి నాలుగున్నరకు డార్మిటరీ మొత్తాన్ని లేపేవాడు. ఆ తమ్ముడు ఇది చదువుతుంటే కాస్త గుర్తు తెచ్చుకోవాలి. ఎందుకో చివర్లో చెబుతాం.

2020 మార్చిలో కరోనా వచ్చి హాస్టళ్ళు మూసేశారు. అందరం ఇళ్ళకు చేరాం. మా ఊళ్ళో సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి, కాబట్టి ఆన్‌లైన్ క్లాసులు మాకు పేపర్లో చదివే వార్త మాత్రమే. ఒక సీనియర్ అన్న దగ్గర ఆరు వేలకు కొన్న పాత లాప్‌టాప్ ఉండేది. బ్యాటరీ చచ్చిపోయింది, కరెంటు పోతే అదీ పోతుంది. అందులో ఆ అన్న ముందే వర్చువల్ డీజే వేసి ఇచ్చాడు. ఇంట్లో వాడుకోవడానికి అది ఉచితం. అలా మొదలైంది మా డీజే చదువు.

తెర మీద రెండు పళ్ళేలు. ఎడమ పళ్ళెంలో ఒక పాట, కుడి పళ్ళెంలో ఇంకో పాట. మధ్యలో ఒక అడ్డ మీట, క్రాస్‌ఫేడర్ అంటారు. దాన్ని ఎడమ నుంచి కుడికి జరుపుతుంటే ఒక పాట తగ్గుతూ రెండోది పెరుగుతుంది. అసలు కష్టం ఎక్కడంటే, రెండో పాటను జనం వినకముందే మనం హెడ్‌ఫోన్‌లో విని సిద్ధం చేసుకోవాలి. దానికి రెండు సౌండ్ కార్డులు కావాలి. మాకున్నది ఒకటే. అరకు సంతలో సెల్ షాపు అన్న ఒక కిటుకు చెప్పాడు. స్టీరియోలో ఎడమ, కుడి అని రెండు దారులుంటాయి కదా, ఎడమ దారిని బాక్సుకు, కుడి దారిని హెడ్‌ఫోన్‌కు విడగొట్టే వైరు ఒకటి ఉంటుందని. పాట మోనో అయిపోతుంది, అయితేనేం, ఊళ్ళో ఎవరడుగుతారు? ఆ వైరు పెట్టి నెల రోజులు సాధన చేశాం. మా అమ్మలు ఇద్దరూ పరీక్షలకు చదువుతున్నామనుకుని టీ తెచ్చి పెట్టేవారు.

పాటకు నిమిషానికి ఎన్ని దెబ్బలో సాఫ్ట్‌వేర్ లెక్కపెట్టి చెబుతుంది. దాన్ని బీపీఎం అంటారు. సింక్ అనే బటన్ నొక్కితే రెండు పాటల వేగాన్నీ సమానం చేస్తుంది. సినిమా పాటలతో పేచీ లేదు. అవి కంప్యూటర్‌లో తయారైనవే, మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా గీత గీసినట్టుంటాయి. మా తెలివి అక్కడితో ఆగలేదు. మామ మోరిని తెచ్చి పళ్ళెంలో పెట్టాం.

సాఫ్ట్‌వేర్ 107 అంది. సింక్ నొక్కితే అర నిమిషం కలిసింది, తరువాత డప్పు ఒక దారి, డీజే బీటు ఒక దారి. ఏమిటా అని ముక్కలు ముక్కలుగా కొలిచి చూస్తే, మామ 100 దగ్గర మొదలుపెట్టి చివరికి 118 దాకా వెళ్ళాడు. మధ్యలో ఒకచోట మళ్ళీ తగ్గాడు. మామకు తాళం నిలవదని నవ్వుకున్నాం. పద్దెనిమిదేళ్ళ వయసు, కాస్త ఇంగ్లీషు వచ్చు, నవ్వడానికి అంతకన్నా ఏం కావాలి.

తరువాత పది రాత్రులు కూర్చున్నాం. ఆడాసిటీ అని ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ రికార్డింగును అరవైకి పైగా ముక్కలు కోశాం. ఒక్కొక్క ముక్కను 128కి నొక్కి బిగించాం. మామ ఊపిరి తీసుకునే చోట శబ్దం లేదు కదా, ఖాళీగా ఉందని అక్కడ కత్తిరించేశాం. కింద డీజే డ్రమ్ము వేశాం. మొదట్లో మాత్రం మోరి ఒక్కటే వినిపించి, జనం ఏమిటా అని చూస్తుండగా ఢాం అని బీటు పడాలని, పద్నాలుగు సెకన్లు ముట్టుకోకుండా వదిలాం. ఆపైన ముప్పై సెకన్లకోసారి మా ఇద్దరి పేర్లు కలిపి "డీజే" తగిలించి, గుహలోంచి అరిచినట్టు ఒక గొంతు పెట్టాం. మామ పేరు ఎక్కడా పెట్టలేదు. పెట్టాలని తోచలేదు.

పాట పేలిపోయింది. సంతలో మెమొరీ కార్డులు నింపే షాపుల్లోంచి అది అనంతగిరి దాకా, అటు ఒడిశా పాడువా వైపు దాకా పోయింది. పెళ్ళి ట్రాక్టరు మీద మా పేరు మోగుతుంటే మేము రోడ్డు పక్కన నిలబడి ఎవరో పెద్దవాళ్ళలాగా చూసేవాళ్ళం.

లాక్‌డౌన్ సడలాక మా ఊళ్ళోనే ఒక పెళ్ళికి డీజే పెట్టారు. మేమే వాయించాం. మా పాట వెయ్యగానే కుర్రాళ్ళు ఎగిరారు. ఆడవాళ్ళు లేచి లైను కట్టారు. నాలుగడుగులు వేశారు. ఆగారు. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ ఆగారు. మా పెద్దమ్మ వచ్చి, "కాలు ఎక్కడెయ్యాలో దొరకట్లేదురా, పట్టుకుందామంటే పారిపోతంది" అని వెళ్ళి కూర్చుంది. ఆమె వెనకాల మిగతా వాళ్ళూ కూర్చున్నారు. బాక్సుల ముందు కుర్రాళ్ళు మిగిలారు.

ఆ పెళ్ళికి మామ కూడా వచ్చాడు. సంచిలో మోరి ఉంది. డీజే ఉంది కదా అని ఎవరూ ఊదమనలేదు. అంతకుముందైతే పెళ్ళికి పిలిస్తే బట్టలు, బియ్యం, ఎంతో కొంత డబ్బు ముట్టేది. ఆ డబ్బు ఆ రోజు బాక్సులకీ జనరేటర్‌కీ పోయింది. మామ మా దగ్గరకొచ్చి లాప్‌టాప్ తెర మీద గీతలు కదలడం చాలాసేపు చూశాడు. "నా మోరి గొంతు బలే పెంచినార్రా అల్లుళ్ళూ" అని మెచ్చుకున్నాడు. పూర్తిగా విన్నాక అడిగాడు, "మరి ఇందులో నేను ఊపిరెప్పుడు తీసుకుంటాన్రా?"

మేము నవ్వాం. ఆయనా నవ్వాడు.

డిగ్రీ తరువాత పి.జి.కి విశాఖ వచ్చాక లైబ్రరీలో డీజేల చరిత్ర కొంత చదివాం. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే పేదల పేటలో ఒక అన్నాచెల్లెళ్ళ ఇంటి కథ ఉంది. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి బడి తెరిచేలోపు బట్టలు కొనుక్కోవడానికి డబ్బుల కోసం తామున్న అపార్ట్‌మెంట్ హాలులో టిక్కెట్టు పెట్టి పార్టీ చేసింది. ఆమె అన్న, జమైకా నుంచి వలస వచ్చిన కుర్రాడు, పాటలు వేశాడు. అతనే కూల్ హెర్క్. పాటలో డ్రమ్ములు మాత్రమే మోగే కాసిన్ని సెకన్లప్పుడే జనం ఎగురుతున్నారని అతను గమనించాడు. అందుకని ఒకే రికార్డు రెండు కాపీలు రెండు పళ్ళేలలో పెట్టి, ఒకటి అయిపోగానే రెండోదానిలో అదే చోటు వేసి, ఆ సెకన్లను నిమిషాలు చేశాడు. హిప్ హాప్ పుట్టుక అక్కడే అంటారు. మన హాస్టల్ పిల్లలకు బట్టల కోసం పార్టీ అన్న మాట వేరే చెప్పక్కర్లేదు.

అది చదివిన రోజు మాకు మామ గుర్తొచ్చాడు. ఆయన కూడా ఆడవాళ్ళ కాళ్ళ వైపు చూస్తూనే ఊదేవాడు. లైను వేడెక్కితే అదే వరసను ఇంకో నాలుగుసార్లు తిప్పేవాడు. ముసలమ్మలు వెనకబడితే తగ్గించేవాడు. 100 నుంచి 118, మధ్యలో తగ్గడం - తాళం నిలవక కాదు. ఆ రోజు అరుగు ముందు మా పిన్నులు నలుగురు ఆడుతున్నారు. మేము ఫోన్ పట్టుకుని మామనే చూశాం గానీ వాళ్ళ కాళ్ళు చూడలేదు.

ఇది మామకు చెప్పాలనుకున్నాం. సెలవులకు వెళ్ళినప్పుడు చెబుదాంలే అనుకున్నాం. 2023 వానల్లో జ్వరమొచ్చి మామ పోయాడు. డోలీ మీద రోడ్డు దాకా తెచ్చారు, అక్కడి నుంచి ఆసుపత్రికి వెళ్ళేలోపే అయిపోయింది.

పెద్దకర్మ అయ్యాక అత్త మా ఇంటికొచ్చింది. తన చిన్న కీప్యాడ్ ఫోన్ చేతిలో పెట్టి, "అల్లుడా, మీ మామ మోరి ఇందులో ఎక్కించు. ఆ డబడబ వొద్దు. ఉత్త మోరి" అంది.

మా దగ్గర లేదు. ఫోన్‌లో జాగా చాలక అసలు రికార్డింగ్ ఎప్పుడో తీసేశాం. లాప్‌టాప్‌లో ఉన్నదాన్ని కోసి, ఆ కోసిన దాని మీదే సేవ్ కొట్టాం. చివరికి మిగిలింది 128 కేబీపీఎస్ ఎంపీత్రీ ఒక్కటే. అదే విషయం తడబడుతూ చెప్పబోతే అత్త నమ్మలేదు. "చదువుకున్నోళ్ళు కదా, ఎక్కడో దాచుంటార్లే, ఎతకండి" అంది. మా రెండు ఇళ్ళలోనూ డిగ్రీ ముఖం చూసినవాళ్ళం మేమే మొదలు. భూమి పట్టా కాగితం దగ్గర్నుంచి రేషన్ కార్డు దాకా ఊళ్ళో వాళ్ళు దాచమని ఇచ్చేది మాకే.

వెతకడం మొదలుపెట్టాం. కలిసిపోయిన పాటలోంచి గొంతు, డ్రమ్ములు విడదీసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడున్నాయి. డీజర్ అనే ఫ్రెంచ్ కంపెనీ 2019లో స్ప్లీటర్ అని ఒకటి ఉచితంగా విడుదల చేసింది, వర్చువల్ డీజేలోనూ ఆ సదుపాయం వచ్చింది. మా పాటను అందులో వేశాం. విచిత్రం ఏమిటంటే అది మోరిని వాద్యం అనుకోలేదు, మనిషి గొంతు అనుకుని గొంతుల అరలో పెట్టింది. ముసలాయన డప్పును మా డీజే డ్రమ్ముతో కలిపి ఒకే అరలో పారేసింది. వచ్చిన మోరి నీళ్ళలోంచి ఊదినట్టుంది. దానికి కారణముంది. ఎంపీత్రీ చేసేటప్పుడు, పెద్ద శబ్దం పక్కనున్న చిన్న శబ్దం చెవికి ఎలాగూ ఆనదన్న లెక్కతో ఆ చిన్నదాన్ని తీసి పారేస్తారు. అలా చేస్తేనే ఫైలు చిన్నదవుతుంది. మేము వేసిన ఢాం కింద ఏముందో ఫైలులోనే లేదు. కత్తిరించి పారేసిన ఊపిరి సంగతి సరే సరి.

మిగిలింది ఆ పద్నాలుగు సెకన్లు. బీటు పడేముందు వదిలిన ముక్క. అందులో మా పేరు లేదు, డ్రమ్ము లేదు. వేగం మార్చలేదు. చివర్లో మామ ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడుతుంది.

పద్నాలుగు సెకన్లు ఏమిస్తాం అని దాన్నే లూప్ చేసి పది నిమిషాల పాట చేశాం. అతుకు తెలియకుండా చేశాం, ఆ విద్య వచ్చు కదా. అత్త పొయ్యి దగ్గర కూర్చుని విన్నది. మొదటిసారి కళ్ళు మూసుకుంది. రెండోసారి తిరిగింది. మూడోసారి తిరగబోతుంటే చెయ్యెత్తి ఆపమంది. "మీ మామ మళ్ళీ అదే ఊదడు" అంది. లూప్ తీసేసి పద్నాలుగు సెకన్లే ఎక్కించి ఇచ్చాం.

ఇక మీతో పని. 2019-20లో మన హాస్టల్లో ఉన్న అన్నలూ తమ్ముళ్ళూ, మీలో కొందరి పాత ఫోన్లలో, మెమొరీ కార్డుల్లో ఆ అసలు రికార్డింగ్ ఇంకా ఉండొచ్చు. ఫైలు పేరు "వాయిస్ 014", ఎంఫోర్ఏ రకం, సైజు ఏడు ఎంబీ పైచిలుకు. అలారం పెట్టుకున్న చోడవరం తమ్ముడూ, నీ మీదే ఎక్కువ ఆశ. పగిలిన ఫోనైనా పారెయ్యకండి, కార్డును ఫార్మాట్ చెయ్యకండి. దొరికితే వాట్సాప్‌లో పాటలాగా పంపొద్దు, డాక్యుమెంట్‌గా పంపండి. మా నంబర్లు హాస్టల్ ఆఫీసులో పూర్వ విద్యార్థుల రిజిస్టర్‌లో ఉన్నాయి. అదేనా కాదా అని సందేహమొస్తే మొదటి పది సెకన్లు వినండి. ముందు ఒక కుక్క మొరుగుతుంది. ఎవరో దాన్ని అదిలిస్తారు. తరువాత మామ ఒకసారి దగ్గి, మోరి అందుకుంటాడు.